మరక పోవాలి, రాయి మిగలాలి

(ఒంగోలులో ఒక అపార్టుమెంటు నివాసుల సంఘం ఏర్పాటు చేసిన సమావేశంలో విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలు ఒకరు చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభకు నమస్కారం. కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నవారిని సభలకు పిలిచినప్పుడు సాధారణంగా పాలలో కల్తీ గురించో, కారంలో కలిపే రంగుల గురించో మాట్లాడమని అడుగుతారు. కుక్కలూ పిల్లులూ పాడుచేసిన నేలను, సోఫాలను, పరుపులను శుభ్రం చేయడం గురించి మాట్లాడమని మీ సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు నాకు సంతోషమే కలిగింది. ఈ విషయంలో మన ఇళ్లలో జరిగే నష్టంలో ఎక్కువ భాగం జంతువు చేసింది కాదు, ఆ తరువాత మనం సీసా మూత తీసి చేసింది. ఈ భవనంలో పెంపుడు జంతువులు ఉండవచ్చా, ఉండకూడదా అన్నది మీరు తేల్చుకోవలసిన వ్యవహారం కాబట్టి నేను దాని జోలికి పోను. అవి ఉన్న ఇంట్లో మరకను, వాసనను ఎలా తీయాలన్నంత వరకే నా మాటలు.

మొదట ఆ ద్రవంలో ఏముందో చూద్దాం. మూత్రంలో నూటికి 90 పాళ్లకు పైగా నీరే. మిగిలిన కొద్దిపాటిలో యూరియా, లవణాలు, క్రియాటినిన్, రంగునిచ్చే పదార్థాలు, కొంచెం ప్రోటీన్ ఉంటాయి. అప్పుడే పోసిన మూత్రానికి అంత ఘాటైన వాసన ఉండదన్న సంగతి కుక్కపిల్లను పెంచిన వారందరికీ అనుభవమే. కొన్ని గంటలు గడిచేసరికి నేల మీద ఉండే బాక్టీరియా, తమలోని యూరియేజ్ అనే ఎంజైము సాయంతో, యూరియాను విడగొట్టి అమ్మోనియాను పుట్టిస్తుంది. కళ్లు మండించేది ఆ అమ్మోనియాయే. దీనితో పాటు మరొక మార్పు కూడా జరుగుతుంది. తాజాగా ఉన్నప్పుడు సాధారణంగా కొద్దిగా ఆమ్లగుణంతో ఉండే ద్రవం, అమ్మోనియా పెరిగేకొద్దీ క్షారగుణానికి మారుతుంది. అందువల్ల ఇప్పుడే పడిన మరక, నిన్నటి మరక రసాయనికంగా ఒకటి కావు, రెండింటికీ ఒకే మందు పనిచేయదు.

పిల్లి విషయంలో ఇంకొక చిక్కు ఉంది. పిల్లి మూత్రంలో ఫెలినైన్ అనే గంధకపు అమైనో ఆమ్లం ఉంటుంది. వృషణాలు తీయించని మగపిల్లిలో ఇది బాగా ఎక్కువ. ఫెలినైన్‌కు స్వతహాగా వాసన లేదు కానీ, అది నెమ్మదిగా విడిపోయి థయోల్ జాతికి చెందిన గంధక పదార్థాలను వదులుతుంది. వాటిని అతి స్వల్ప పరిమాణంలో కూడా మన ముక్కు పట్టేస్తుంది. కుక్క మరక కడిగితే పోయిందనీ, పిల్లి మరక రోజులు గడిచేకొద్దీ ముదిరిందనీ జనం అనడానికి కారణం ఇదే. ఇక్కడ ఒక్క మాట. వాసన పోగొట్టే ద్రావణాలు అమ్మేవారు పిల్లి మూత్రంలోనూ కుక్క మూత్రంలోనూ యూరిక్ ఆమ్లం స్ఫటికాలే అసలు దోషి అని గట్టిగా ప్రచారం చేస్తారు. నిజానికి పిల్లులు, చాలా జాతుల కుక్కలు యూరిక్ ఆమ్లంలో ఎక్కువ భాగాన్ని నీటిలో మరింత తేలికగా కరిగే అల్లాంటోయిన్‌గా మార్చుకుంటాయి. నల్లమచ్చల డాల్మేషియన్ కుక్కలు ఇందుకు పేరుపడ్డ మినహాయింపు. ద్రావణం మంచిదే కావచ్చు, దాని మీద రాసిన కథను మాత్రం యథాతథంగా నమ్మనక్కరలేదు.

ఇప్పుడు మీలో చాలామందికి తెలిసిన ఒక చిత్రాన్ని చూద్దాం. మే నెలలో రోహిణి కార్తె ఎండలకు ఇల్లంతా ఆరిపోయి ఏ వాసనా ఉండదు. కార్తీకంలో ముసురు పట్టి, కొత్తపట్నం వైపు నుంచి తడిగాలి వీచిన రోజున అదే గదిలో అదే మూల మళ్లీ కంపు మొదలవుతుంది. కుక్క మళ్లీ పాడుచేసిందని దాన్ని తిడతాము. పాపం దానికి ఏమీ తెలియదు. రాతి రంధ్రాలలోనూ సోఫా లోపలా ఎండి మిగిలిపోయిన యూరియా, లవణాలు గాలిలోని తేమను పీల్చుకొని తడిసినప్పుడు బాక్టీరియా తిరిగి పని మొదలుపెడుతుంది, అణిగి ఉన్న వాసన పదార్థాలు గాలిలోకి లేస్తాయి. ఎండ వాసనను అణచిపెడుతుందే కానీ వాసన పుట్టే పదార్థాన్ని తీసివేయదు. సముద్రానికి దగ్గరగా ఉన్న మన ఊళ్లలో, తీసివేయడం తప్ప వేరే పరిష్కారం లేదు.

తీసివేయడానికి బదులు మనం చేస్తున్నది కప్పిపెట్టడం. ఫినాయిల్ పోస్తాము, అగరుబత్తి వెలిగిస్తాము, సాంబ్రాణి వేస్తాము, మూలల్లో కలరా ఉండలు పడేస్తాము. ఫినాయిల్ పోసిన చోట మన ముక్కుకు ఫినాయిల్ ఒక్కటే తెలుస్తుంది. కుక్కకు మాత్రం దాని అడుగున తన పాత గుర్తు కూడా స్పష్టంగానే తెలుస్తుంది కాబట్టి అది మళ్లీ అక్కడికే వస్తుంది. అమ్మోనియా కలిసిన గాజు తుడిచే ద్రావణాలు వాడినా మంచిది కాదు, ఎందుకంటే వాటి వాసన మూత్రపు వాసనకు దగ్గరగా ఉండి జంతువును ఆ చోటికే పిలుస్తుంది.

ఇక నేల దగ్గరకు వద్దాం. అసలు నేను ఎక్కువ సమయం తీసుకోవాలనుకున్నది ఇక్కడే. మనది రాళ్ల సీమ. చీమకుర్తి గ్రానైటు మన గడప దగ్గరే పుడుతుంది, మార్కాపురం పలక రాయి దేశమంతా ఎరిగినది, పక్క జిల్లాల నుంచి కడప బండలు, బేతంచెర్ల నాపరాళ్లు లారీల మీద వస్తాయి. పాత ఇళ్లలో ఎర్ర గచ్చు, ఆ తరువాతి ఇళ్లలో మొజాయిక్, ఇప్పటి అపార్టుమెంట్లలో విట్రిఫైడ్ టైల్స్ కనిపిస్తాయి. కొన్నిసార్లు ఒకే ఇంట్లో హాలుకు ఒక రాయి, వంటగదికి మరొక రాయి, వరండాకు ఇంకొకటి పరుస్తారు. వీటన్నింటికీ ఒకే మందు వాడమని చెప్పేవారి మాట వినకండి.

మీ నేల ఆమ్లానికి తట్టుకుంటుందా లేదా అన్నది మొదట తెలుసుకోవాలి. బీరువా కింద, తలుపు వెనుక, ఎవరికీ కనబడని చోట రెండు చుక్కల నిమ్మరసం వేసి, పది నిమిషాల తరువాత తడిబట్టతో తుడిచి, ఆరనిచ్చి చూడండి. అక్కడ సన్నని బుడగలు లేచినా, ఆరాక మెరుపు తగ్గి తెల్లని మచ్చ కనిపించినా అది సున్నపురాయి జాతికి చెందిన నేల. కడప బండ, బేతంచెర్ల నాపరాయి, పాలరాయి ఈ జాతివే, వీటిలో ఉండేది ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. మొజాయిక్‌లో సిమెంటుతో పాటు పాలరాతి ముక్కలు ఉంటాయి కాబట్టి అదీ ఈ కోవలోకే వస్తుంది. ఇటువంటి నేల మీద వెనిగర్, నిమ్మరసం, చింతపండు పులుసు, మరుగుదొడ్లు కడిగే యాసిడ్ ఏది పోసినా రాయి పైపొర కరిగి కార్బన్ డయాక్సైడ్‌గా లేచిపోతుంది. పాలిష్ పోయిన రాయి అంతకు ముందుకంటే ఎక్కువగా పీలుస్తుంది. మూత్రపు మరక తీయబోయి, తరువాతి మరకకు లోతైన చోటు మనమే తవ్వి ఇచ్చినట్టవుతుంది. గృహప్రవేశానికి ముందు సిమెంటు చారలు పోవడానికి మేస్త్రీలు యాసిడ్‌తో కడగడం చూసి, ఆ సీసా మిగిలితే ఇంట్లో దాచుకునే వారు ఉన్నారు. దయచేసి దాచుకోకండి.

చీమకుర్తి నల్ల గెలాక్సీ రాయిని మనం గ్రానైటు అంటున్నాము కానీ, భూగర్భశాస్త్రం దానిని గాబ్రో జాతిలో చేరుస్తుంది. అందులో బంగారు రంగులో మిలమిలలాడేవి బ్రాంజైట్ ఖనిజపు రేణువులు. వ్యాపారంలో ఆ పేరు స్థిరపడిపోయింది, మనకు కావలసిన గుణం కూడా ఉంది, అంటే పలుచని వెనిగర్‌కు అది సున్నపురాయిలా కరిగిపోదు. పాలిష్ బాగున్న పలక మీద మరక నిలవదు. పలకల మధ్య జాయింట్లే బలహీనమైన చోట్లు. మార్కాపురం పలక రాయి ఆమ్లానికి పెద్దగా లొంగదు కానీ, అది పొరలు పొరలుగా ఏర్పడిన రాయి కావడం వల్ల అంచుల దగ్గర ద్రవం పొరల మధ్యకు దిగుతుంది. విట్రిఫైడ్ టైల్ దాదాపు ఏమీ పీల్చదు. టైల్ మెరుస్తూ ఉంటే నేల శుభ్రంగా ఉందని అనుకుంటాము, కంపు మాత్రం టైళ్ల మధ్య నింపిన తెల్ల సిమెంటులో కూర్చుని ఉంటుంది. ఎర్ర గచ్చు, మామూలు సిమెంటు గచ్చు అన్నిటికంటే ఎక్కువగా పీల్చేవి. వాటికి ఒకసారి చేసిన శుద్ధి చాలదు, ఓపికగా మళ్లీ చేయాలి.

మరక తాజాగా ఉన్నప్పుడు చేయవలసిన పని చాలా సులువు. మాప్ తీసుకుని అటూ ఇటూ రుద్దకండి, అలా చేస్తే ద్రవం పరుచుకుంటుంది, జాయింట్లలోకి ఎక్కుతుంది. పాత పంచెనో కాటన్ చీర ముక్కనో మడతలు పెట్టి దాని మీద వేసి, అరచేతితోనో కాలితోనో గట్టిగా అదిమి, తడి ఎక్కిన మడతను మారుస్తూ మళ్లీ అదమాలి. బట్టకు తడి అంటడం ఆగిన తరువాత చల్లని నీళ్లు కొద్దిగా పోసి మరోసారి అదిమి తీయాలి. వేడినీళ్లు వద్దు, ఎందుకంటే వేడికి ప్రోటీన్ గడ్డకట్టి బట్టలోనూ రంధ్రాలలోనూ అతుక్కుపోతుంది. చేతులకు తొడుగులు వేసుకోండి. ఎలుకలు, కుక్కల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం మనుషులకు సోకే అవకాశం ఉంది, చేతి మీద గీతలు, పుండ్లు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

అంతటితో సరిపోని చోట, ముఖ్యంగా పాత మరకల విషయంలో, ఎంజైము ద్రావణాలు వాడాలి. పెంపుడు జంతువుల సరుకులు అమ్మే దుకాణాలలోనూ, ఆన్‌లైన్‌లోనూ ఇవి దొరుకుతున్నాయి. వీటిలో ప్రోటీన్‌ను, కొవ్వును, ఇతర సేంద్రియ పదార్థాలను చిన్న ముక్కలుగా విడగొట్టే ఎంజైములు, కొన్నింటిలో వాటిని ఆహారంగా తీసుకునే హాని లేని బాక్టీరియా ఉంటాయి. వీటితో మన వాళ్లు పడే నిరాశకు కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఫినాయిల్‌తో తుడిచినట్టు చల్లి, వెంటనే తుడిచేసి, పని చేయలేదని అంటారు. ఎంజైముకు సమయం కావాలి, తడి కావాలి. మరక ఎంత లోతుకు దిగిందో ద్రావణం అంత లోతుకు దిగేలా పోసి, పైన పాలిథీన్ కాగితం కప్పి, రాత్రంతా ఆరకుండా ఉంచి, పొద్దున తీసి గాలికి ఆరనివ్వాలి. అంతకు ముందు ఆ చోట ఫినాయిలో బ్లీచింగో వాడి ఉంటే, చాలా నీళ్లతో కడిగి ఆరనిచ్చిన తరువాతే ఈ పని మొదలుపెట్టాలి, ఎందుకంటే అవి ఎంజైమును, బాక్టీరియాను కూడా పనికి రాకుండా చేస్తాయి. మన వాతావరణం ఒక విధంగా మనకు మేలే చేస్తుంది. 30 నుంచి 40 డిగ్రీల వేడిలో ఇటువంటి ఎంజైములు చురుకుగా పనిచేస్తాయి, మన ఊళ్లో ఏడాదిలో చాలా భాగం గది ఉష్ణోగ్రత దానికి దగ్గరగానే ఉంటుంది. మరిగే నీళ్లు కలిపితే మాత్రం అవి చచ్చిపోతాయి.

పిల్లి వాసనకు కారణమైన గంధక పదార్థాలను వదిలించడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ బాగా ఉపయోగపడుతుంది. అది థయోళ్లను ఆక్సీకరించి, వాసన లేని పదార్థాలుగా మారుస్తుంది. మందుల షాపులో మనకు సాధారణంగా దొరికేది 6 శాతం ద్రావణం, సీసా మీద 20 వాల్యూములు అని రాసి ఉంటుంది. దానికి సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. ఆ పావు లీటరు ద్రావణంలో ఒక పెద్ద చెంచా వంటసోడా, కొన్ని చుక్కల అంట్లు తోమే లిక్విడ్ కలిపి, వెంటనే మరక మీద పోసి, పావుగంట ఉంచి, తుడిచి, నీళ్లతో కడగాలి. మిగిలిన దానిని సీసాలో పోసి మూత బిగించకండి, అందులో ఆక్సిజన్ పుట్టి సీసా పగిలిపోవచ్చు. రంగు బట్టలనూ, ముదురు రంగు రాళ్లనూ ఇది వెలిసిపోయేలా చేయవచ్చు కాబట్టి కనబడని చోట పరీక్షించి చూసుకోవాలి. ఎంజైమునూ దీనినీ ఒకేసారి వాడకూడదు.

వెనిగర్ గురించి అడుగుతారని తెలుసు. ఆమ్లానికి తట్టుకునే టైల్ మీద, గ్రానైటు మీద, అమ్మోనియాతో క్షారంగా మారిన పాత మరకకు, సమానంగా నీళ్లు కలిపిన తెల్ల వెనిగర్ మంచిదే, కాకపోతే సిమెంటు జాయింట్ల మీద ఎక్కువ సేపు నిలవనివ్వకూడదు. అయితే వెనిగర్, వంటసోడా ఒకేసారి పోసి, బుసబుస పొంగడం చూసి మరక పోతోందని మురిసిపోయే వీడియోలు చాలా తిరుగుతున్నాయి. ఆమ్లమూ క్షారమూ ఒకదానినొకటి రద్దు చేసుకుంటే మిగిలేది నీళ్లు, కొంచెం సోడియం అసిటేట్ ఉప్పు, గాలిలో కలిసిపోయే కార్బన్ డయాక్సైడ్. పొంగింది చూడముచ్చటగా ఉంటుంది, అంతే.

రాతిలో లోతుగా దిగిన మచ్చకు పట్టు వేసే పద్ధతి ఉంది. వంటసోడాను 3 శాతం పెరాక్సైడ్‌తో చిక్కని ముద్దగా కలిపి, మచ్చ మీద వేలెడు మందాన పరిచి, పాలిథీన్ కప్పి అంచులకు టేపు అతికించి, ఒక రోజు ఉంచాలి. తరువాత పాలిథీన్ తీసివేసి ముద్ద పూర్తిగా ఎండేవరకు కదల్చకూడదు. ఎండేటప్పుడే అది రంధ్రాలలోని పదార్థాన్ని పైకి లాగుతుంది. ప్లాస్టిక్ రేకుతో గీకి తీసి, తడిబట్టతో తుడవాలి. పాలరాతి మీద, నాపరాతి మీద నేను మొదట సూచించేది ఇదే.

సోఫాల దగ్గర అసలు కష్టం కంటికి కనిపించకపోవడం. పైన అరచేయంత మరక ఉంటే లోపలి స్పంజిలో అది పళ్లెమంత పరుచుకొని ఉంటుంది. పైన గుడ్డను ఎంత తోమినా లోపలిది అలాగే ఉండి, ఎవరైనా కూర్చోగానే పైకి చిమ్ముతుంది. జిప్పు ఉంటే గలీబు విప్పి విడిగా ఉతకండి. స్పంజిని బకెట్‌లో ఎంజైము ద్రావణంలో ముంచి, పలుమార్లు పిండి, కొన్ని గంటలు నాననిచ్చి, మంచి నీళ్లలో పిండి, నీడలో ఫ్యాను కింద ఆరబెట్టండి. గలీబు విప్పడానికి వీలులేని సోఫాకు, మరకకు నాలుగు వైపులా ఒక జానెడు అదనంగా ద్రావణం పోయాలి. రెక్సిన్ సోఫా కడగడం సులువని అనుకుంటాము, కానీ కుట్ల రంధ్రాల ద్వారా ద్రవం లోపలికి దిగిపోతుంది కాబట్టి కుట్టు వెంబడి చూడటం మరచిపోకండి.

పరుపుల సంగతి వేరు. బూరుగు దూది నీటిని అంత త్వరగా పీల్చదు, వెంటనే అదిమి తీస్తే చాలా వరకు బయటపడవచ్చు. మామూలు పత్తి పరుపు మాత్రం అడుగు దాకా తాగేస్తుంది. అటువంటి దానిని తడిపి శుద్ధి చేయబోతే ముసురు రోజుల్లో బూజు పడుతుంది. పరుపులు కుట్టేవారిని పిలిచి, విప్పించి, పాడైన దూది తీసివేయించి, మిగిలినది ఎండలో వేసి ఏకించి మళ్లీ కుట్టించడం పాతకాలపు పద్ధతే అయినా ఇప్పటికీ అదే సరైనదని నా అభిప్రాయం. నులక మంచం అయితే బయట పెట్టి, కడిగి, ఎండలో నిలబెడితే సరిపోతుంది. చాప మీద పడితే చాపను పారేయడమే మేలు, ఆ ఖర్చుకు ద్రావణం కూడా రాదు.

టేకు చెక్క మీద మూత్రం ఎక్కువ కాలం నిలిస్తే చెక్క నల్లబడుతుంది, ఆ నలుపు కడిగితే పోదు, వడ్రంగి చేత గీకించి పాలిష్ వేయించాలి. ప్లైవుడ్ అంచుల నుంచి ఉబ్బుతుంది, పార్టికల్ బోర్డు ఒక్కసారి ఉబ్బితే మళ్లీ సరికాదు, మార్చడమే. మగపిల్లి గుర్తు పెట్టేటప్పుడు తోక పైకెత్తి గోడ మీదకు చిమ్ముతుంది. నేలను ఎంత కడిగినా వాసన పోకపోతే గోడ మీద జానెడు ఎత్తున వెతకండి. డిస్టెంపర్ వేసిన గోడ దానిని పీల్చేస్తుంది. ఎంజైముతో శుద్ధి చేసి బాగా ఆరిన తరువాత, లక్కను స్పిరిట్‌లో కరిగించి చేసే షెల్లాక్ పూత ఒకటి వేసి, దాని మీద రంగు వేస్తే మిగిలిన వాసన బయటికి రాదు.

మరక ఎక్కడ ఉందో తెలియనప్పుడు, నోట్లు పరీక్షించడానికి వాడే అల్ట్రావయొలెట్ టార్చి ఉపయోగపడుతుంది. 365 నుంచి 395 నానోమీటర్ల కాంతి ఇచ్చే టార్చితో రాత్రి దీపాలన్నీ ఆర్పి చూస్తే, పాత మూత్రపు మరకలు పసుపుపచ్చగా వెలుగుతాయి. బట్టల సబ్బులోని తెల్లదనం ఇచ్చే పదార్థాలూ నీలంగా వెలుగుతాయి కాబట్టి వెలిగిన ప్రతి చోటునూ అనుమానించకుండా, ముక్కుతో కూడా నిర్ధారించుకోండి. అద్దె ఇల్లు మారేవారు సామాను దించకముందే ఈ పరీక్ష చేసుకుంటే, మునుపటివారి పిల్లికి మీ కుక్కను తిట్టే అవసరం రాదు.

వాంతి విషయం క్లుప్తంగా చెబుతాను. అందులో కడుపులోని ఆమ్లం ఉంటుంది, పాలరాతి మీద నిమిషాలలో మచ్చ వేస్తుంది కాబట్టి అక్కడ ఆలస్యం చేయకూడదు. పలుచని విరేచనం మీద ముందు రంపపు పొట్టో ఊకో చల్లి, పీల్చుకున్నాక రేకుతో ఎత్తి, ఆ తరువాతే నీళ్లు ముట్టించాలి. సోఫా మీద చేపల కంపు లాంటిది వస్తే వంటగదిని అనుమానించకండి, కుక్క మలద్వారం పక్కన ఉండే గ్రంథుల స్రావం అలాగే వాసన వేస్తుంది. అది జిడ్డు పదార్థం కాబట్టి సబ్బు నీళ్లతో మొదలుపెట్టాలి. కుక్క రోజూ ఆనుకుని పడుకునే గోడ మూలలో పడే నల్లని చారకు కూడా కారణం దాని ఒంటి జిడ్డే, అక్కడా సబ్బు నీళ్లే మందు.

ఇప్పుడు ప్రమాదాల సంగతి, ఇందులో మాత్రం రాజీ లేదు. మూత్రం ఉన్న చోట బ్లీచింగ్ ద్రావణం పోస్తే అందులోని హైపోక్లోరైట్, మూత్రంలోని అమ్మోనియాతో కలిసి క్లోరమైన్ ఆవిరులను పుట్టిస్తుంది, అవి ఊపిరితిత్తులను మండిస్తాయి. బ్లీచింగ్‌నూ మరుగుదొడ్ల యాసిడ్‌నూ కలిపితే వచ్చేది క్లోరిన్ వాయువు. తలుపులు మూసి ఉన్న చిన్న బాత్‌రూమ్‌లో అది ప్రాణాంతకం కాగలదు. వెనిగర్‌లో పెరాక్సైడ్ కలిపినా చర్మాన్ని, కళ్లను గాయపరిచే పెరసిటిక్ ఆమ్లం పుడుతుంది. ఒక సమయంలో ఒక ద్రావణమే వాడి, కడిగి, ఆరిన తరువాతే మరొకటి ముట్టుకోండి.

పిల్లులున్న ఇంట్లో ఫినాయిల్ వద్దని నేను గట్టిగా చెబుతాను. ఫినాల్ జాతి పదార్థాలను గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి పాదాలు నాకే అలవాటు పిల్లికి ఉంది కాబట్టి నేల మీద పోసింది దాని కడుపులోకి పోతుంది. గాయాలకు వాడే క్లోరోజైలెనాల్ మందులకూ ఇదే వర్తిస్తుంది. నేల తుడిచే కొన్ని ద్రావణాలలో ఉండే బెంజాల్కోనియం క్లోరైడ్ పిల్లి నాలుక మీద పుండ్లు పుట్టిస్తుంది, దానిని పలుచగా కలిపి వాడి, నేల పూర్తిగా ఆరే దాకా పిల్లిని ఆ గదిలోకి రానివ్వకూడదు. కలరా ఉండల్లోని నాఫ్తలీన్ కుక్కకూ పిల్లికీ కూడా విషమే. నోట్లో నురగ, వణుకు, అదే పనిగా చొంగ కారడం కనిపిస్తే ఇంటి వైద్యం మాని పశువైద్యశాలకు తీసుకువెళ్లండి.

శుభ్రం చేయడం ఒక ఎత్తు, జంతువు ఎందుకు పాడుచేస్తోందో చూడటం మరొక ఎత్తు. ఇంతకాలం బుద్ధిగా ఉన్న జంతువు హఠాత్తుగా ఇంట్లో మూత్రం పోస్తుంటే దానికి మూత్రకోశపు వ్యాధో, మధుమేహమో, మూత్రపిండాల జబ్బో ఉండవచ్చు. మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ఒక్క చుక్క కూడా పోయలేకపోతుంటే అది అత్యవసర పరిస్థితి, మరునాటి దాకా ఆగకూడదు. మగపిల్లులకు శస్త్రచికిత్స చేయిస్తే దాదాపు పదింట తొమ్మిదింటిలో గోడల మీద చిమ్మడం తగ్గుతుంది. గుండ్లకమ్మ ఇసుక ట్రేలో పోసి పెట్టేవారు ఉన్నారు, పిల్లికి అది ఇష్టమే కానీ ఇసుక పీల్చదు, ద్రవం అడుగుకు దిగి నిలుస్తుంది, రోజూ మార్చాలి. గర్భిణులు ఆ ట్రే ముట్టకూడదు, పిల్లి మలం ద్వారా టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకే అవకాశం ఉంది. ఇక కుక్క ముక్కును మరకకు రాసి కొట్టే అలవాటు మనలో ఇంకా పోలేదు. దానివల్ల కుక్కకు అర్థమయ్యేది ఒక్కటే, మీ కళ్ల ముందు పోయకూడదని. తరువాత నుంచి అది సోఫా వెనుకకు వెళ్తుంది, మీకు మరక వెతుక్కునే పని పెరుగుతుంది.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక గృహిణి: గేటుకు నీలం రంగు నీళ్ల సీసా కడితే వీధి కుక్కలు రావంటారు, నిజమేనా?)

లేదమ్మా. మన వీధుల్లో చాలా గేట్లకు ఆ సీసాలు వేలాడుతున్నాయి, వాటి పక్కనే స్తంభాలు తడిసి ఉంటున్నాయి. కుక్క వచ్చేది రంగు చూసి కాదు, అంతకు ముందు పోసిన దాని వాసన చూసి. సిమెంటు స్తంభాన్ని ఎంజైము ద్రావణంతో తడిపి, ఆరాక నేల దగ్గర నుంచి మూడు అడుగుల ఎత్తు వరకు నీరు పీల్చని పెయింటు వేయించండి, ఆ తరువాత రోజూ నీళ్లతో కడగడం తేలిక అవుతుంది.

(ఒక పెద్దాయన: మా హాల్లో కడప బండలు. పనిమనిషి యాసిడ్ పోసి కడిగింది, మెరుపు పోయింది, వాసన కూడా పోలేదు. ఇప్పుడేం చేయాలి?)

పోయిన మెరుపును ఏ ద్రావణమూ తిరిగి తేలేదండీ. రాయి పైపొర కరిగింది కాబట్టి మెషీన్‌తో పాలిష్ పట్టించడం ఒక్కటే దారి. అయితే పాలిష్ వారిని ఇప్పుడే పిలవకండి. ముందు చాలా నీళ్లతో కడిగి యాసిడ్ అవశేషం పోగొట్టండి, ఆరిన తరువాత వాసన ఉన్న చోట ఎంజైము పట్టించి రాత్రంతా కప్పి ఉంచండి, అవసరమైతే మళ్లీ చేయండి. వాసన పోయిందని ఎండ రోజున నిర్ణయించుకోకండి, ఒక ముసురు రోజు వచ్చి వెళ్లే దాకా ఆగండి. అప్పుడు పాలిష్ పట్టించి, రాయి పూర్తిగా ఆరిన తరువాత రంధ్రాలను మూసే సీలర్ పూత వేయించండి. వాసన లోపల ఉండగా సీలర్ వేస్తే, ఎంజైము కూడా లోపలికి దిగే దారి మూసుకుపోతుంది.